మొరం గుంతల దగ్గర సన్మానం

మా ఊరి మొరం గుంతలను ఇప్పుడు సరస్సులంటారు. గేటు మీద పెద్ద అక్షరాలతో అట్లాగే రాసి పెట్టారు. లోపల ఇంకో బోర్డు ఉంది, అందులో ఇక్కడికి వచ్చే పక్షుల బొమ్మలు. ఆదివారం పూట కార్లలో వచ్చినవాళ్ళు ఆ బోర్డు ముందు నిలబడి ఫోటోలు దిగుతారు. ఆ తర్వాత హంస ఆకారం పడవెక్కి, కాళ్ళతో తొక్కుకుంటూ గుండ్రంగా తిరిగి దిగిపోతారు. వాళ్ళ మీద నాకేం కోపం లేదు. ఆదివారం ఎవరికైనా ఎక్కడికో ఒకచోటికి పోవాలని ఉంటుంది. కానీ 'సరస్సు' అన్న మాట చెవిన పడితే మాత్రం ఒళ్ళు మండుతుంది.

నా చిన్నతనంలో అక్కడ నీళ్ళూ లేవు, గుంతలూ లేవు. ఒక గుట్ట ఉండేది. మేకలు ఎక్కి దిగేంత గుట్ట, అంతకంటే గొప్పదేమీ కాదు. ఎనభైల మొదట్లో పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు లేస్తుంటే వాటి పునాదుల్లో పోయడానికి ఎర్రటి మొరం మట్టి కావలసి వచ్చింది, రోడ్లకు కంకర కావలసి వచ్చింది. ఎవడో కాంట్రాక్టరు వచ్చి మా గుట్టకు వెల కట్టాడు. గుట్ట సర్కారుది కాబట్టి ఊళ్ళో ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. వడ్డెర కుటుంబాలు గుడిసెలు వేసుకుని దిగాయి. మధ్యాహ్నం ఎర్రజెండా ఊపి, ఈల వేసి, బండల్లో పెట్టిన తోటాలు పేల్చేవాళ్ళు. మా ఇంట్లో అటక మీది గిన్నెలు గలగలమనేవి. మా నాయినమ్మ ప్రతిసారీ కాంట్రాక్టరును తిట్టేది, ప్రతిసారీ కొత్త తిట్టు.

గుట్ట లారీలకెక్కి పోయింది. గుట్ట పోయినా తవ్వకం ఆగలేదు. నేల లోపలికి దిగి తవ్వగా తవ్వగా అడుగున ఊట తగిలింది. దానికి తోడు వానలు పడ్డాయి. మిషన్లు మునిగే దాకా వచ్చాక కాంట్రాక్టరు సామాను సర్దుకుని, కంది ఊరి వైపు ఇంకో గుట్టను వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. పని అయిపోయాక గుంతలు పూడ్చాలని వాడి కాగితాల్లో ఉండే ఉంటుంది. దేనితో పూడుస్తాడు? పూడ్చడానికి పనికొచ్చే గుట్టను వాడే అమ్ముకున్నాడు.

ఈ గుంతలను ఆనుకుని మాకు కొంచెం భూమి ఉండేది. కొంచెం అంటే మిగిలింది అని అర్థం. మా తాత కాలంలో మాది పటేలు ఇల్లు. మా నాయిన కాలానికి భూములన్నీ ఒక్కొక్కటిగా ఫ్యాక్టరీ గోడల లోపలికి పోయాయి, 'పటేలా' అన్న పిలుపు ఒక్కటి బయట మిగిలింది. ఆ పిలుపును మా నాయిన కళ్ళలో పెట్టుకుని కాపాడుకున్నాడు. భూమి తీసుకున్న ఫ్యాక్టరీ వాళ్ళు గేటు దగ్గర కూర్చునే పని ఇస్తామంటే, "పటేలు పోయి గేటుకాడ కూసునుడు ఏంది" అని కాదన్నాడు. కాదని ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. గేటు దగ్గర కూర్చుంటే జీతమైనా వచ్చేది.

ఇల్లు నడిపింది అమ్మ. ఆ మిగిలిన చెక్కలో ఆకుకూరల మడులు కట్టింది. పాలకూర, పుంటికూర, మెంతికూర, సోయికూర, కొత్తిమీర. పొద్దున్నే కోసి, కట్టలు కట్టి, గంపలో సర్దుకుని ఫ్యాక్టరీ ఆఫీసర్ల కాలనీ గేటు ముందు కూర్చునేది. పటేలు పెళ్ళాం గంప నెత్తిన పెట్టుకుని పోతుంటే నాయిన అరుగు మీద నుంచి లోపలికి వెళ్ళి, ఆమె మలుపు తిరిగాక మళ్ళీ బయటికొచ్చి కూర్చునేవాడు. ఆ కూరలు అమ్మగా వచ్చినదానితోనే నేను సంగారెడ్డిలో చదువుకున్నాను.

మొదట మడులకు ఊరి చెరువు నీళ్ళే పారేవి. ఎనభైలు ముగిసేలోగా ఆ చెరువు పని అయిపోయింది. ఫ్యాక్టరీల నుంచి వచ్చే కాలువ ఒక్కో రోజు ఒక్కో రంగులో పారేది. అలుగు దగ్గర నురగ మోకాళ్ళెత్తు లేచేది. చేపలు తేలాయి. బర్రెలు ఆ నీళ్ళ దగ్గరికి పోయి, మూతి పెట్టకుండా తిరిగి వచ్చేవి. ఫిర్యాదు చేస్తే సీసాలు పట్టుకుని సార్లు వచ్చేవాళ్ళు, నీళ్ళు నింపుకుని పోయేవాళ్ళు. పోయినవాళ్ళు పోయినట్టే. ఇప్పటికీ ఆ సీసాలు ఏ అలమరలో ఉన్నాయో ఎవరికీ తెలియదు.

మొరం గుంతలకు మాత్రం ఏ కాలువా లేదు. వాన నీళ్ళూ ఊటా తప్ప వాటిలోకి ఇంకేమీ దిగలేదు. అవి ఊరికి ఎత్తున ఉండటమే వాటి అదృష్టం. అమ్మ ఊళ్ళో పెద్దమనుషులను అడిగి, ఒక చిన్న మోటారు పెట్టించి, గుంత నుంచి మడులకు పైపు వేయించింది. ఎవరూ కాదనలేదు. సర్కారు పారేసిన గుంతలోని నీళ్ళ మీద ఎవడికి ఆశ ఉంటుంది? కాలనీ ఆడవాళ్ళు మిగతా గంపలను దాటుకుని అమ్మ దగ్గరికే వచ్చేవాళ్ళు. "ఇవి చెరువు కింది కూరలు కాదు కదా?" అని అడిగి మరీ కొనేవాళ్ళు. చెరువులో ఏం కలుస్తుందో వాళ్ళ ఇళ్ళలోని మగవాళ్ళకు అందరికంటే బాగా తెలుసు. ఆ తెలివి వంటింటి దాకా వచ్చింది కానీ కాలువ దాకా పోలేదు.

చెరువు చచ్చాక పిట్టలు కూడా అమ్మలాగే గుంతలకు మారాయి. కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు, చలికాలంలో ఎక్కడి నుంచో దిగే బాతులు. మొరం కోసిన గోడ నిటారుగా ఉండేది, ఎర్రగా, మెత్తగా. అందులో సన్న తోక పచ్చ పిట్టలు బొక్కలు తొలుచుకుని గూళ్ళు పెట్టేవి. సెలవుల్లో నేను మోటారు దగ్గర కూర్చుని పుస్తకం చదువుకుంటుంటే అవి తూనీగలను పట్టుకొచ్చి ఆ బొక్కల్లోకి దూరడం కనిపించేది. ఆ కాలంలో అక్కడికి ఇంకెవ్వరూ వచ్చేవాళ్ళు కాదు. నా జీవితంలో అంత సంతోషంగా చదువుకున్న చోటు ఇంకొకటి లేదు.

తొంభైలు ముగిసే రోజుల్లో కమిటీ పుట్టింది. ఫ్యాక్టరీల పెద్ద ఆఫీసర్లు కొందరు, రిటైరైనవాళ్ళు కొందరు కలిసి పెట్టుకున్నారు. దాని అధ్యక్షుడు గుడ్డ టోపీ పెట్టుకుని, మెడలో దుర్భిణీ వేలాడేసుకుని తిరిగేవాడు. మొరం గుంతల దగ్గర నిలబడి, చేతులు చాపి, "ఎంత స్వచ్ఛంగా ఉంది ఈ నీరు" అని ఆశ్చర్యపోయేవాడు. ఆశ్చర్యం ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. తమ కాలువ చేరని చోట నీళ్ళు శుభ్రంగానే ఉంటాయి. చెరువును చంపినవాళ్ళే గుంతను కాపాడతామని బయలుదేరారు, అదీ అదే ఫ్యాక్టరీల చందాలతో. పార్కు, పడవలు, నడక దారి, పక్షులకు ఆశ్రయం. మా ఊరికి మొదటిసారి పర్యావరణం అనే మాట మీటింగు బిస్కెట్లతో సహా వచ్చింది.

వాళ్ళ ప్లానులో అమ్మ మోటారుకు చోటు లేదు. పక్షులకు కష్టమని గుంతల నుంచి బయటివాళ్ళు నీళ్ళు తోడకూడదట. బయటివాళ్ళు ఎవరయ్యా అంటే మేము.

అమ్మ నన్ను వెంటబెట్టుకుని మండలాఫీసుకు వెళ్ళింది. అక్కడి ఆఫీసరు కాస్త మంచివాడు, కుర్చీ చూపించాడు. "మొన్నటిదాకా వాడుకుంటున్నవాళ్ళు వద్దంటే మేం కూడా ఆలోచించాలమ్మా. కమిటీకి అప్పగించే ముందు గుంతల దగ్గరే గ్రామసభ పెడుతున్నాం. ఇంటి యజమాని లేచి, మాకు నీళ్ళు కావాలని ఒక్క మాట చెప్పమనండి. ఆ మాట రాసుకుంటే మీ మోటారు జోలికి ఎవరూ రారు" అన్నాడు. అంటే అమ్మ మడులు, మా పొయ్యి, మా ఇంటి తిండి, అన్నీ నాయిన నోటి నుంచి రావలసిన ఒక్క మాట మీద నిలబడ్డాయి. అరుగు మీద కూర్చుని ఊరి సంగతులన్నీ తేల్చే మనిషికి ఒక్క మాట ఎంత పని అనుకున్నాం.

సభ రోజు పొద్దున అమ్మ ఆయనకు తెల్ల ధోతి తీసి ఇచ్చింది. తలకు రుమాలు చుట్టుకుంటుంటే ఎదురుగా నిలబడింది.

"ఏం చెప్తవో ఒకసారి చెప్పు" అంది.

"చెప్తలే. నాకు రాదా ఏంది మాట్లాడ."

"నాకోసం చెప్పు."

నాయిన గొంతు సవరించుకుని చెప్పాడు. "మా మడులకు గుంత నీళ్ళు కావాలె. మా మోటరు తియ్యొద్దు. గంతే గద?"

"గంతే. మర్చిపోకు."

"మర్చిపోనీకె నేనేమన్న పోరన్నా?" అన్నాడు, అద్దంలో రుమాలు చూసుకుంటూ.

గుంతల పక్కన షామియానా వేశారు. ఊరివాళ్ళకు జంపఖానా, స్టేజీ మీద కుర్చీలు. మేము వెళ్ళేసరికి కమిటీ అధ్యక్షుడు ఎదురొచ్చాడు. టోపీ తీసి, రెండు చేతులూ జోడించి, "పటేల్ గారు, మీరు కింద కూర్చుంటే ఎట్లా? పైకి రావాలి" అన్నాడు. మా నాయినను ఒక పెద్ద ఆఫీసరు 'పటేల్ గారు' అని పిలవడం నేను అంతకు ముందు వినలేదు. ఆయన కూడా విన్నట్టు లేదు. ముఖం ఒక్కసారిగా వెలిగిపోయింది. అమ్మ ఆయన కండువా కొస పట్టుకుని, "నువ్వు కిందనే కూసో" అంది మెల్లగా. ఆయన కండువా విడిపించుకుని మెట్లెక్కాడు.

పైన అన్నీ సిద్ధంగా ఉన్నాయి. పూలదండ, జరీ అంచు శాలువా, గాజు పెట్టెలో ప్లాస్టిక్ హంస. మైకులో ఒకాయన మా వంశం గురించి మాట్లాడాడు. మా తాత చేయని దానాలు కూడా చెప్పాడు. ఈ నేలతో తరతరాల అనుబంధం ఉన్న రైతు కుటుంబమట. ప్రకృతి అంటే ప్రాణమట. చప్పట్ల మధ్య శాలువా నాయిన భుజాల మీద పడింది. ఎండలో ఆ శాలువా కింద చెమటలు కారుతున్నా ఆయన దాన్ని సర్దుకుంటూనే కూర్చున్నాడు.

మా వైపు సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. స్టేజీ మీద శాలువా కప్పించుకున్న మనిషి ఆ స్టేజీ వాళ్ళ మాటకు ఎదురు చెప్పడు. ఎక్కడా రాసిపెట్టి లేదు, కానీ ఎవడూ తప్పడు. పెళ్ళిలో పెట్టిన బట్టలు కట్టుకుని అదే పందిట్లో తగువుకు దిగినట్టు ఉంటుంది మరి. కమిటీవాళ్ళు ఈ ప్రాంతం వాళ్ళు కారు, చెరువు ఒకప్పుడు ఎట్లా ఉండేదో వాళ్ళకు తెలియదు, పిట్టలను గురించి పుస్తకాల్లో ఉన్నంతే తెలుసు. ఈ ఒక్క సంగతి మాత్రం ఎంత చక్కగా కనిపెట్టారో. నాయినను కొనడానికి వాళ్ళకు అంగడిలో దొరికే ఒక శాలువా సరిపోయింది.

సన్మానాలు అయిపోయాక మండల ఆఫీసరు లేచి, "ఈ గుంతలను కమిటీకి అప్పగించడంలో ఎవరికైనా అభ్యంతరం ఉన్నదా?" అని అడిగాడు. అడిగి, మా నాయిన వైపు చూశాడు. అమ్మ తన దగ్గరికి వచ్చిన సంగతి ఆఫీసరుకు గుర్తుంది. నాయిన చేతిలోని హంస పెట్టెను చూసుకుంటున్నాడు.

 అప్పుడు వెనక ఆడవాళ్ళలోంచి అమ్మ లేచి నిలబడింది. మా ఇళ్ళలో మగమనిషి స్టేజీ మీద ఉండగా ఆడమనిషి సభలో లేచి మాట్లాడటం అనేది లేదు. ఆమె కొంగు భుజం చుట్టూ తిప్పుకుని, "సారూ, మా మడులకు నీళ్ళు గీ గుంతలకెల్లే పారుతయి. మా మోటరు ఉండాలె" అంది. మాట స్టేజీ దాకా పూర్తిగా వినిపించింది.

అధ్యక్షుడు నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు కనిపిస్తుంది. "అమ్మా, పటేల్ గారు ఇక్కడే ఉన్నారు కదా. ఇంటి పెద్ద ఆయన. ఆయన్నే అడుగుదాం" అని మైకును నాయిన మూతి దగ్గర పెట్టాడు. "ఏమంటారు పటేల్ గారు? అభ్యంతరం ఉందా?"

నాయిన మమ్మల్ని చూశాడు. పొద్దున అద్దం ముందు చెప్పిన మాటలు ఆయన నోట్లో ఉన్నాయి, ఆ సంగతి నాకు తెలుసు.  శాలువా భుజం మీది నుంచి జారితే పైకి లాక్కున్నాడు.

"అభ్యంతరం ఏముంటది సారు. అంత మంచికే గద" అన్నాడు.

చప్పట్లు కొట్టారు. నేను ఆ రోజు మా నాయినను అసహ్యించుకున్నాను. ఇప్పుడు కూడా ఆ మాటను తగ్గించి రాయడం నాకు ఇష్టం లేదు. మోసం చేసినవాళ్ళ మీద వచ్చే కోపం ఒక రకం, మోసానికి మెడ వంచి దండ వేయించుకున్నవాడి మీద వచ్చేది ఇంకో రకం. ఆ రెండోది తొందరగా పోదు.

అమ్మ కూర్చోలేదు. అట్లాగే వెనక్కి తిరిగి, షామియానా దాటి, గుంత గట్టు మీదుగా నడిచి మోటారు దగ్గరికి పోయింది. వాళ్ళు వచ్చి తీసేదాకా ఆగడం ఆమెకు ఇష్టం లేకపోయింది. సభ జరుగుతుండగానే, వెనకాలే వెళ్ళిన నేనూ ఆమే కరెంటు తీగలు విప్పి, పైపు లాగి చుట్టాం. నాయిన హంసను పట్టుకుని ఫోటో దిగుతున్నాడు.

ఆ ఎండాకాలానికి మడులు ఎండిపోయాయి. ముందు కొత్తిమీర పోయింది, తర్వాత పాలకూర. పుంటికూర మొండిగా కొన్నాళ్ళు నిలబడి అదీ కట్టెలైంది. అమ్మ ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో కూరగాయలు తరిగే పనిలో చేరింది. గేటు దగ్గర కూర్చోవడం తన స్థాయికి తక్కువన్న పటేలు, పెళ్ళాం ఫ్యాక్టరీ గేటు లోపలికి కూలికి పోతుంటే నోరు మెదపలేదు.

గుంతల దగ్గర పని జోరుగా సాగింది. ముందుగా మొరం గోడ అందంగా లేదని దాన్ని చెక్కి, రాళ్ళు పరిచి, సిమెంటు పూశారు. పచ్చ పిట్టల బొక్కలు సిమెంటు కింద పోయాయి. ఆ వేసవిలో అవి వచ్చి, గోడ ముందు ఎగిరి, వాలడానికి చోటు వెతికి, వెళ్ళిపోయాయి. పక్షుల కోసం చేసిన మొదటి పని అది. ఆ తర్వాత గట్టు మీద సిమెంటు కొంగలు పెట్టి తెల్లరంగు వేశారు. నడిచేవాళ్ళ కాళ్ళకు మెత్తగా ఉండాలని గడ్డి నాటారు. ఆ గడ్డికి నీళ్ళు ఎక్కడివి? గుంతలోవే. అమ్మ మోటారు కంటే పెద్ద మోటారు పెట్టి పొద్దున్నా సాయంత్రం చిమ్మేవాళ్ళు. నీళ్ళు తోడితే పక్షులకు కష్టమన్న నియమం ఆకుకూరలకే కానీ గడ్డికి వర్తించదని అప్పుడు తెలిసింది.

నిజం దాచడం ఎందుకు, కొంగలు మానలేదు. నీటికాకులు మానలేదు. చలికాలం బాతులు ఇప్పటికీ దిగుతాయి. వాటికి కమిటీ సంగతి తెలియదు. మంచి నీళ్ళు ఎక్కడుంటే అక్కడ వాలుతాయి. వాటిని చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటే. అవి తమ ప్రజ్ఞ వల్లే వచ్చాయని చెప్పుకునే టోపీలను చూస్తేనే చీదర.

ప్రారంభోత్సవానికి నాయినను మళ్ళీ పిలిచారు. మళ్ళీ వెళ్ళాడు. అప్పటికి నేను టీచరుగా చేరాను, మా బడి పిల్లలను వరుసలో నిలబెట్టి జెండాలు ఊపించే పని నాకు పడింది. అధ్యక్షుడు నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు.

"మీ నాన్నగారి త్యాగం వల్లే ఇదంతా సాధ్యమైందమ్మా" అన్నాడు.

"త్యాగం మా అమ్మది సార్. శాలువా మా నాయినది" అన్నాను.

ఆయన దాన్ని పొగడ్త అనుకుని, "చాలా బాగా చెప్పారు" అని తల ఊపి, పడవ దగ్గరికి వెళ్ళిపోయాడు. అలాంటివాళ్ళను తిట్టడం కూడా దండగే.

ఇంట్లో అమ్మ ఆ సభ గురించి ఒక్కసారి కూడా మాట్లాడలేదు. ఏడవలేదు, నిలదీయలేదు. ఒకటి మాత్రం గమనించాను, మా ఇంట్లో ఆకుకూర వండటం మానేసింది. పప్పు, వంకాయ, ఆలుగడ్డ, అంతే. నాయినకు పుంటికూర అంటే ప్రాణం. చాలాకాలం అడగడానికి మొహం చెల్లక ఊరుకున్నాడు. ప్రారంభోత్సవం అయిన కొన్నాళ్ళకు, ఆ ఊపులో ఉన్నాడేమో, "పుంటికూర తినక ఎన్ని దినాలాయె. జెర వండరాదు" అన్నాడు. అమ్మ సరేనంది.

ఆదివారం మధ్యాహ్నం వండింది. ముగ్గురం కూర్చున్నాం. నాయిన ఆత్రంగా కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"ఇదేం కూరనే, మందు వాసనొస్తున్నది" అన్నాడు.

"చెరువు కింది కూర" అంది అమ్మ. "అంగట్ల గిదే దొరుకుతది."

ఆయన చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. నా వైపు చూశాడు. నేను తల తిప్పుకున్నాను. అమ్మ గిన్నెలోంచి ఇంకో గరిటె తీసి ఆయన అన్నం మీద వేసింది.

"ఏం, అభ్యంతరం ఉన్నదా?" అని అడిగింది.

ఆయన కంచం దగ్గరికి లాక్కున్నాడు.

"లేదు" అన్నాడు. అని తినడం మొదలుపెట్టాడు.

అమ్మ ఆయన ఎదురుగా కదలకుండా కూర్చుంది. కంచం ఖాళీ అయ్యాక తన అన్నంలోకి మామిడికాయ తొక్కు పచ్చడి వేసుకుంది.